యాభై చుక్కలు, ఒక మెరూన్ సిలిండరు

మా ఇంట్లో వంటగ్యాసు రెగ్యులేటరును రోజుకు ఆరేడుసార్లు తిప్పి చూసే మనిషిని నేను. పొద్దున కాఫీ కాగానే ఒకసారి, కూర దించగానే ఒకసారి, ఎక్కడికైనా బయలుదేరేటప్పుడు చెప్పులు వేసుకున్నాక మళ్లీ విడిచి లోపలికి వచ్చి ఇంకొకసారి. అంతటితో అయిపోదు. సిలిండరు భుజం మీద అరచెయ్యి ఆనించి, అది చల్లగా ఉందని నమ్మకం కుదిరేదాకా అక్కడే నిలబడతాను. "ముప్పై ఏండ్లు పిల్లకాయలకి ఫిజిక్స్ చెప్పినావు, నీకంటే పక్కింటి పిల్లికి ధైర్యం జాస్తి" అని మా ఆయన ఎగతాళి చేస్తారు. చేస్తే చేయనీ. నేను పుట్టుకతో పిరికిదాన్నేమీ కాదు. చిన్నప్పుడు మా తమ్ముడు చీకటికి భయపడి ఏడిస్తే పెరట్లోకి తోడు వెళ్లింది నేనే. కృష్ణగిరి కొండ మీద కోట గోడ ఎక్కి కూర్చుని, కింద అమ్మ గుండెలు బాదుకుంటున్నా దిగనని మొండికేసింది నేనే. జూజువాడిలో ఒక ఎండాకాలపు మధ్యాహ్నం నన్నిలా చేసింది. ఆ సంగతి మా వాళ్లలో పెద్దవాళ్లకు తెలుసు గానీ నేనుగా నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు.

పోయిన వారం మా తమ్ముడి కూతురు లావణ్య హోసూరు నుంచి కృష్ణగిరికి, మా ఇంటికి వచ్చింది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కృష్ణగిరి మండీల్లోకి మామిడికాయ దిగిందంటే చాలు, దానికి అత్త మీద ప్రేమ పొంగుకొస్తుంది. పళ్లెం నిండా ముక్కలు కోసి పెడితే, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ల్యాప్‌టాప్ తెరిచింది. "అత్తా, నువ్వు చెప్పే పాఠమే మాకు ప్రాజెక్టుగా ఇచ్చినారు. చూడు" అంది. తెర మీద ఒక పెట్టె. పెట్టె నిండా రంగురంగుల చుక్కలు, క్షణం నిలకడ లేకుండా అటూ ఇటూ పరుగెడుతున్నాయి, గోడకు తగిలి వెనక్కి తిరుగుతున్నాయి. ఎన్నున్నాయే అని అడిగితే, "ఐదు వేలు. ఇంకా పెట్టొచ్చు" అని తేలిగ్గా అనేసింది. యాభై చుక్కలు కదిలించడానికి ఒక సంవత్సరం పాటు కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడిన దాన్ని నేను.

"ఇన్నిట్ని ఒకేసారి ఎట్ల తిప్పుతా ఉండావే?" అన్నాను.

"ఐడియల్ గ్యాసు కదత్తా. ఒకదాన్నొకటి పట్టించుకోవు. లాగవు, తొయ్యవు, ముట్టుకోను కూడా ముట్టుకోవు. గోడకి తగిలినప్పుడు వెనక్కి తిప్పితే సరిపోయె. శానా సులభం."

ఆ 'శానా సులభం' అన్న మాట నాకు కొత్త కాదు. సరిగ్గా ఆ వయసులో, అదే ధీమాతో, నేనూ మా నాయన ముందు నిలబడి మాట్లాడాను. నా ప్రమేయం లేకుండానే నా అరచెయ్యి వెళ్లి ఆ ల్యాప్‌టాప్ వెనక ఆనింది. వెచ్చగా తగిలింది. "అది అట్లే కాగుతాదిలే అత్తా, ఏం కాదు" అని పిల్ల నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మామిడిటెంకెలు ఎత్తి పారేసే నెపంతో వంటింట్లోకి వెళ్లి, రెగ్యులేటరు చూసి వచ్చాను.

మా నాయనకు జూజువాడిలో సిలిండర్ల అంగడి ఉండేది. తమిళనాడు దాటి కర్ణాటకలోకి అడుగుపెట్టే చోట, చెక్‌పోస్టు దగ్గర, బెంగళూరు రోడ్డు మీద లారీలు కిలోమీటర్ల పొడుగున నిలబడే రోజులవి. నిలబడిన లారీకి ఏదో ఒకటి విరుగుతుంది, ఊడుతుంది, పగులుతుంది. అందుకని ఆ రోడ్డు పొడుగునా వెల్డింగ్ షెడ్లు. ఆ షెడ్లన్నిటికీ గ్యాసు మా నాయనదే. నల్ల సిలిండరు ఆక్సిజన్‌ది, మెరూన్ రంగు సిలిండరు ఎసిటిలీన్‌ది. రెండూ కలిస్తేనే ఇనుమును కోసే మంట. మా నాయన ఎనిమిదో తరగతి దాటలేదు. కానీ ఆ రెండు రంగులతో ఎలా మసలుకోవాలో ఆయనకు పనినేర్పిన ఒక పెద్దాయన చెప్పినదంతా దేవుడి మాటలాగా పాటించేవాడు. ఆక్సిజన్ దగ్గరకు నూనె చేతులు రాకూడదు, అంటుకుంటుంది. అందుకని వారంలో ఆరు రోజులు మా నాయన తలకు నూనె రాసింది లేదు. పొద్దున దోసె మీద నెయ్యి వేయనిచ్చేవాడు కాదు. తిన్నాక సీకాయ పొడితో చేతులు మూడుసార్లు తోముకుని, గోళ్ల సందులు చూసుకుని, అప్పుడు అంగడికి బయలుదేరేవాడు. ఆదివారం ఒక్కరోజు అమ్మ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, వారం బాకీ అంతా తీర్చేలా నెత్తిన గిన్నెడు నూనె పోసి మర్దన చేసేది. ఆ రోజు ఆయన అంగడి వైపు తొంగి కూడా చూసేవాడు కాదు.

ఎసిటిలీన్‌కు తెల్లగడ్డల వాసన, అదే వెల్లుల్లి వాసన. మా నాయన చొక్కా నిండా అదే. మా అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉండేది, ఆ రోజు ఇంట్లోకి ఉల్లి, తెల్లగడ్డ రాకూడదు. సాయంత్రం నాయన గుమ్మంలోకి రాగానే, "ఆడే నిలబడు! ఆ చొక్కా బయట ఇప్పి రా! దేవునికి దీపం పెట్టినాను, నువ్వు తెల్లగడ్డ మూట మాదిరి వస్తా ఉండావు!" అని కేకలు పెట్టేది. ఆయన గమ్మున చొక్కా విప్పి దండెం మీద ఆరేసి, బనీనుతో లోపలికి వచ్చేవాడు. ఇన్నేళ్లకూ పోపులో తెల్లగడ్డ వేగే వాసన వస్తే నాకు ముందు నాయన గుర్తొస్తాడు, ఆ వెనకనే భయం గుర్తొస్తుంది. వంట మానేయలేం గనుక తెల్లగడ్డనే మానేశాను. ఇంటికి వచ్చిన చుట్టాలు ఇదేదో భక్తి అనుకుంటారు. అనుకోనీ.

ఆయన నియమాల్లో ముఖ్యమైనది ఒకటుంది. మెరూన్ సిలిండరును ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. గ్యాసు నింపే చోటి నుంచి టెంపోలో ఎప్పుడైనా పండబెట్టి తెచ్చారో, దాన్ని నిలబెట్టి, సుద్దముక్కతో దాని ఒంటి మీద అడ్డగీత గీసేవాడు. ఆ గీత ఉన్న సిలిండరు మర్నాటి పొద్దుటిదాకా ఎవరికీ ఇవ్వడు. ఎవరు బతిమాలినా ఇవ్వడు. వెల్డర్లు తిట్టుకునేవాళ్లు. "పండుకోని వచ్చినదానికి లోపల నీళ్లు పైకెక్కి ఉంటాయప్పా. అవి దిగాల. దిగినాకనే తెరవాల" అనేవాడు. నీళ్లేమిటో, ఎందుకు దిగాలో ఆయనకూ తెలియదు. ఆ పెద్దాయన చెప్పాడు, ఈయన చేశాడు.

నేను కృష్ణగిరి కాలేజీలో బి.ఎస్సీ. ఫిజిక్స్‌లో చేరాను. పొద్దున హోసూరులో బస్సెక్కితే గంటకు పైగా ప్రయాణం. మా కాలేజీకి అప్పుడే ఒక కంప్యూటర్ వచ్చింది. ఒకే ఒకటి. దానికొక గది, గదికి ఏసీ, అద్దాల తలుపు, తలుపు బయట చెప్పుల వరుస. లోపలికి కాళ్లు కడుక్కుని వెళ్లాలి. తుమ్ము వస్తే బయటికి పరుగెత్తాలి. మా సారు తమిళాయన, పొడుగాటి మనిషి, ఎప్పుడూ నవ్వని మనిషి. మొదటి రోజే వరుసగా నిలబెట్టి, ఇందులో ఏ మీట తప్పు నొక్కి ఏం చెడగొట్టినా ఇంటి నుంచి పెద్దవాళ్లను పిలిపిస్తానని చెప్పాడు. నేను ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ కుడిచెయ్యి చూపుడువేలు ఒక్కటే వాడేదాన్ని, ఒక వేలితో అయితే తక్కువ చెడుతుందని.

మూడో సంవత్సరంలో మా సారు నాకు ఇచ్చిన పని ఆదర్శ వాయువు. ఒక పెట్టెలో వాయువు అణువులు ఎలా తిరుగుతాయో కంప్యూటర్ చేత చేయించి చూపాలి. నల్ల తెర మీద ఆకుపచ్చ చుక్కలు. ఒక్కొక్క చుక్కకు అది ఎక్కడుందో చెప్పే రెండు అంకెలు, ఎటు పోతోందో చెప్పే రెండు అంకెలు. ప్రతి అడుగుకూ కంప్యూటర్ యాభై చుక్కలనూ ఒక్కొక్కటిగా కదిలించి, గోడ దాటిందేమో చూసి, దాటితే వెనక్కి తిప్పాలి. మొదటిసారి నడిపినప్పుడు నేను ఒక గోడను మరిచిపోయాను. చుక్కలన్నీ కుడిపక్కన జారిపోయి తెర ఖాళీ అయింది. కంప్యూటర్ చెడిపోయిందనుకుని గది మూలన నేల మీద కూలబడ్డాను. సారు వచ్చి చూసి, మొట్టమొదటిసారి నవ్వాడు. మరిచిన గోడ కట్టాక అవి చక్కగా పెట్టెలోనే తిరిగాయి. నాలుగు గోడలకూ ఎన్నేసి దెబ్బలు తగులుతున్నాయో లెక్కపెట్టించాను. పైగోడకు ఎన్నో కిందగోడకూ దాదాపు అన్నే, ఎడమకు ఎన్నో కుడికీ అన్నే. పెట్టెను నిలువుగా గీశాను, అడ్డంగా గీశాను. గోడలో ఒక్కొక్క అంగుళానికి తగిలే దెబ్బలు మారలేదు. అంచుల వెంబడి చిల్లులున్న పొడుగాటి కాగితం మీద కరకరమంటూ ఆ అంకెలన్నీ అచ్చయి వచ్చినప్పుడు, నేను ఈ లోకపు గుట్టు పట్టుకున్నాననుకున్నాను.

ఆ కాగితం నాయనకు చూపించాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పెళ్లిపత్రిక చదివినట్టు పై నుంచి కిందిదాకా చదివాడు. "ఇదంతా నువ్వే చేయించినావా మ్మా?" అన్నాడు. నేనే అన్నాను. "గ్యాసు గురించేనా?" గ్యాసు గురించే. ఆయన ముఖంలో ఆ రోజు చూసిన వెలుగు నేను బి.ఎస్సీ. పాసైన రోజు కూడా చూడలేదు. మర్నాడు ఆ కాగితాన్ని మడత పెట్టి, అంగట్లో బల్ల మీది అద్దం కింద, వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టుకున్నాడు. వచ్చిన వెల్డరుకల్లా చూపించేవాడు. "మా పాప గ్యాసు చదువుతా ఉండాది. మనం మోసేదే, ఆ పాప చదివేది."

ఇక ఆ శనివారం. నేను కాలేజీ లేక నాయనకు అన్నం క్యారియర్ తీసుకుని జూజువాడి వెళ్లాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. అంగడి ముందు నాగప్ప నిలబడి ఉన్నాడు. నాగప్ప మా నాయన దగ్గర గ్యాసు తీసుకునే వెల్డర్లలో అందరికంటే పనిమంతుడు, నా చిన్నప్పటి నుంచి నన్ను 'పాపా' అని పిలిచే మనిషి. టమోటాల లారీ ఒకటి వెనక ఇరుసు దగ్గర పట్టీ విరిగి రోడ్డు మీద కూలబడిందట. డ్రైవరు ఏడుస్తున్నాడట. నాగప్ప దగ్గర ఎసిటిలీన్ అయిపోయింది. మా అంగట్లో ఉన్నవి మూడే మెరూన్ సిలిండర్లు, మూడింటి మీదా సుద్దగీత ఉంది. ఆ పొద్దునే టెంపోవాడు పండబెట్టి తెచ్చాడు.

"ఒకటి ఇయ్యన్నా. సాయంత్రానికి ఆ టమోటాలు రసం కారిపోతాయి. వాని కడుపు కొట్టినట్టయితాది" అన్నాడు నాగప్ప.

"రేపు పొద్దున రాప్పా. గీత ఉండేది ఇయ్యను. నీకు తెలుసు గదా."

"రవంత నీళ్ల కోసం ఒక మనిషి పొట్ట కొడతావా అన్నా?"

"నీళ్లు దిగాల నాగప్పా."

నేను క్యారియర్ బల్ల మీద పెట్టి నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "గ్యాసులో నీళ్లేంది నాయనా? గ్యాసు అంతా అణువులు. అవి అన్ని పక్కలా ఒకే మాదిరి తిరుగుతాయి. నిలబెట్టినా పండబెట్టినా ఒకటే" అన్నాను. అంటూ అద్దం కింద ఉన్న కాగితాన్ని వేలితో చూపించాను.

"చూడన్నా, పాపే చెప్తా ఉండాది! చదువుకున్న పాప!" అన్నాడు నాగప్ప.

నాయన ఆ కాగితం వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఇరవై ఏళ్లుగా ఎవరు బతిమాలినా వంగని మనిషి నా ఒక్క మాటకు వంగాడు. జేబులో నుంచి చేతిగుడ్డ తీసి, సిలిండరు మీది సుద్దగీతను తనే తుడిచాడు.

పది నిమిషాలు గడిచాయో లేదో. అంగడి నుంచి చూస్తే లారీ కనబడుతూనే ఉంది, రోడ్డుకు ఆ పక్కన, పంక్చర్ షాపు ముందు. లారీ కింద చోటు చాలక నాగప్ప సిలిండరును మళ్లీ నేల మీద పండబెట్టుకున్నాడు, ఎలాగూ పాప ఒకటే అంది కదా. ముందు ఒక తుపుక్కుమన్న శబ్దం వచ్చింది, ఆ వెంటనే తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. గ్యాసు వచ్చే గొట్టం చీలిపోయి నాగప్ప చెయ్యి మీదుగా మంట పాకింది. అతను అరిచిన అరుపుకు అంగట్లో నా చేతిలో గ్లాసు జారిపోయింది. నాయన అప్పటికే పరుగెడుతున్నాడు. తడి గోనెసంచి నాగప్ప మీద కప్పి, రెండు సిలిండర్ల మూతలూ తిప్పి మూసేశాడు. మంట ఆరింది. జనం నాగప్పను ఎత్తి ఆటోలో పడేసి హోసూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేనూ రోడ్డు దాటి దగ్గరికి వచ్చేశాను. అంతా అయిపోయిందనుకున్నాను.

నాయన మెరూన్ సిలిండరును నిలబెట్టి, దాని భుజం మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

ఆయన ముఖంలో రక్తం లేదు. "అందరూ పోండి. బిరీన పోండి. అర కిలోమీటరు పోండి!" అని అరిచాడు. సిలిండరు కాగుతోంది. ఎండకు కాదు, మంటకు కాదు. లోపలికి దూరిన మంట అక్కడ ఏదో మొదలుపెట్టింది, మూత మూసినా అది ఆగడం లేదు. అలాంటిది పేలితే లారీ ముక్క కూడా దొరకదని ఆ రోడ్డు మీద ఉన్న ప్రతి వెల్డరుకూ తెలుసు. డ్రైవర్లు బండ్లు వదిలేసి పరుగెత్తారు. చెక్‌పోస్టు పోలీసులు రెండు వైపులా రోడ్డు ఆపేశారు. నాయన ఒక్కడే మిగిలాడు. పంక్చర్ షాపు కొళాయికి ఉన్న రబ్బరు గొట్టం లాగి, లారీ ముందుచక్రం చాటున కూర్చుని, ఆ సిలిండరు మీద నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు.

"నాయనా, వచ్చెయ్యి! నాయనా!" అని అరుస్తూ నేను ఆయన వైపే పరుగెత్తాను.

"ఆణ్ణే నిలబడు! ఇంగొక అడుగు వేసినావంటే చంపుతా!" అన్నాడు. నా జన్మలో ఆయన నా మీద గొంతెత్తింది ఆ ఒక్కసారే. పక్కనే టీ అంగడి నడిపే ఆమె నా రెండు మణికట్లూ పట్టుకుని దూరంగా, ఒక రాతిగోడ వెనక్కి ఈడ్చుకుపోయింది. ఆ గోడ మీది నుంచి చూస్తే నాయన తెల్లచొక్కా ఒక్కటి కనిపించేది.

ఆ తర్వాత గడిచిన కాలాన్ని నేను గంటల్లో చెప్పలేను. నాయన కాసేపు నీళ్లు కొట్టేవాడు. ఆపేవాడు. ఆపి, తడిసిన సిలిండరు ఎంత తొందరగా ఆరిపోతుందో చూసేవాడు. ఆపగానే దాని భుజం దగ్గర ఒక మచ్చ గబగబా ఆరిపోయి ఆవిరి లేచేది. అంటే లోపల ఇంకా కాగుతోంది. మళ్లీ నీళ్లు. ఆవిరి కనబడిన ప్రతిసారీ టీ అంగడి ఆమె భుజంలో ముఖం దాచుకునేదాన్ని. నా యాభై చుక్కలు కళ్లముందు తిరుగుతున్నాయి. ఆ తెర మీద వాటిని ఎంత వేగంగా తిప్పినా వాటికేమీ కాలేదు, నాకేమీ కాలేదు. భయం వేస్తే ఒక మీట నొక్కితే ఆగిపోయేవి. ఇక్కడ మీట లేదు. నేనన్న మాట వెనక్కి తీసుకునే దారి లేదు. స్వామీ, నా చదువు తీసేసుకో, నా కళ్లు తీసేసుకో, మా నాయనను మాత్రం ఆ చక్రం వెనక నుంచి నడిపించుకుని రా అని మొక్కుకున్నాను. ఇంట్లో అమ్మ ఒక్కపొద్దు ఉండి, చొక్కా బయట విప్పించడానికి ఎదురుచూస్తోందన్న సంగతి గుర్తొచ్చి, అప్పుడు ఏడుపు వచ్చింది. వచ్చింది ఇక ఆగలేదు.

ఎండ వాలింది. లారీ నీడ రోడ్డు దాటింది. ఒకసారి నాయన నీళ్లు ఆపి చూశాడు, తడి అలాగే నిలిచింది. ఇంకా నీళ్లు కొట్టాడు. ఇంకా చూశాడు. అప్పుడు లేచి, నిదానంగా నడిచి వెళ్లి, అరచెయ్యి దాని మీద పెట్టాడు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఆయన చెయ్యి తీయలేదు. పది. తీయలేదు. ముప్పై దాకా లెక్కపెట్టాను, చెయ్యి అక్కడే ఉంది. అది చల్లబడింది.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి నాగప్పను చూశాం. మోచేతి నుంచి వేళ్ల దాకా కట్టు. నాయన అతని మంచం పక్కన నిలబడి, "తప్పు నాదప్పా. గీత తుడిచింది నేను" అన్నాడు. నేను ఆ వెనకే నిలబడి ఉన్నాను. 'తప్పు నాది' అని నేను అనాలి. అనలేదు. నాగప్ప చెయ్యి మానింది, కానీ వేళ్లు సరిగ్గా ముడుచుకునేవి కావు. మళ్లీ వెల్డింగ్ పట్టలేదు, జూజువాడిలోనే టీ అంగడి పెట్టుకున్నాడు. ఎప్పుడు కనబడినా, "ఏం పాపా, బాగుండావా?" అని ఆ చేత్తోనే టీ అందించేవాడు. నేను గ్లాసు తీసుకునేదాన్ని గానీ ఆ చేతి వైపు చూసేదాన్ని కాదు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నాయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అటే చూస్తూ అడిగాడు, "మ్మా, నీ కంప్యూటర్లో ఆ చుక్కలు ఒకదాన్నొకటి ముట్టుకోవా?"

"ముట్టుకోవు నాయనా. ముట్టుకోవని అనుకోని లెక్క చేస్తాం."

"ఒకటి కష్టంలో ఉంటే పక్కదానికి తెలియదా?"

"తెలియదు."

"అట్లాటిది యాడుందమ్మా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

జవాబు తర్వాత పుస్తకాల్లో వెతుక్కున్నాను. ఆ మెరూన్ సిలిండరులో నిజంగానే ఒక ద్రవం ఉంటుంది. నీళ్లలో చక్కెర కరిగినట్టు ఎసిటిలీన్ అందులో కరిగి ఉంటుంది. పండబెడితే ఆ ద్రవం గ్యాసుతో పాటు బయటికి వచ్చేసి, మంట తడబడి గొట్టంలోకి వెనక్కి దూరుతుంది. నాయన చెప్పిన 'నీళ్లు' అవే. పైగా ఆ అణువులు ఒకదాన్నొకటి పట్టించుకోనివి కావు. ఒకటి విరిగితే ఆ వేడికి పక్కది విరుగుతుంది, దాని వేడికి ఇంకొకటి. పుస్తకంలో ఆ నాలుగు వరుసలు చదివిన రోజు నాకు జ్వరం వచ్చింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పాను. బోర్డు మీద 'అణువుల మధ్య ఆకర్షణ లేదు' అని రాసే చోట ప్రతి సంవత్సరం నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. సుద్దముక్క వేళ్ల మధ్య విరిగిన రోజులూ ఉన్నాయి. పిల్లలు మేడమ్‌కు వయసైపోయిందనుకునేవాళ్లు.

ఇప్పుడు జూజువాడిలో లారీలు అంతసేపు నిలబడవు. అంగడి ఉన్నచోట మొబైల్ ఫోన్ల దుకాణం. నాగప్ప పోయి చాలాకాలమైంది, నేను నా తప్పు ఒప్పుకోకముందే. చేతులు కట్టుకుని యాభై చుక్కల కోసం నిలబడిన చోట, మామిడిముక్క నములుతూ ఐదు వేలు తిప్పే పిల్లలు వచ్చారు. సంతోషమే. ఆ పిల్లల్లో ఎవరికీ ఆ కంప్యూటర్ గది ముందు నాకు పుట్టినంత భయం లేదు, అదీ సంతోషమే. కానీ నాకు భయం నేర్పింది ఆ గది కాదు కదా. ఏమీ తెలియని నా నోటి మాట మీద నమ్మకంతో ఒక మనిషి గీత తుడవడం నేర్పింది. ఆ భయం లేకుండా ఈ పిల్లలు ఎలా నెగ్గుకొస్తారా అని నాకు ఇంకో భయం.

ఇదంతా లావణ్యకు చెప్పాను. పళ్లెంలో ముక్కలు అలాగే ఉండిపోయాయి. తెర మీద చుక్కలు ఆపడం కూడా మరిచిపోయింది. "తాతకి నీ మీద కోపం రాలేదా అత్తా?" అని అడిగింది.

ఆయన ఆ కాగితాన్ని అద్దం కింద నుంచి తీయలేదు. అంగడి మూసేసేదాకా అక్కడే ఉంది. నేను అక్కడికి వెళ్లినప్పుడల్లా దాని వైపు చూడకుండా తల తిప్పుకునేదాన్ని. అది నాకు వేసిన శిక్ష అనుకునేదాన్ని. చివరి రోజుల్లో నాయనకు ఊపిరితిత్తులు పాడైతే హోసూరు ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టించాం. నల్ల ఒళ్లు, తెల్ల మెడ ఉన్న సిలిండరు. ఒక మధ్యాహ్నం మార్చడానికి వచ్చినతను, స్టాండు విరిగి ఉందని కొత్తదాన్ని మంచం పక్కన నేల మీద పండబెట్టాడు. నేను వంటింట్లో నుంచి వస్తూ అది చూసి, "నిలబెట్టప్పా! నిలబెట్టు! పండబెట్టొద్దు!" అని వీధంతా వినబడేలా అరిచాను. ఆ మనిషి బిత్తరపోయాడు.

నాయన మాస్కు పక్కకు జరిపాడు. మాట్లాడితే ఆయాసం. అయినా ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అన్నాడు.

"ఉండనీమ్మా. ఇది నీ కాగితంలో గ్యాసు. నిలబెట్టినా పండబెట్టినా ఒకటే."

నేను ఆయన పక్కన నేల మీద కూర్చుని, భయం తీరక ఆ సిలిండరు భుజం మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నాయన మంచం మీది నుంచి చెయ్యి చాచి నా చేతి మీద పెట్టాడు. తీయలేదు.